చెరిపినా ఉండిపోయిన వాక్యం

బంగారుపాళ్యం దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన మొదటి ఏడాదే మా పని పద్ధతులన్నీ ఒక వికీలో పెట్టాను. అందరూ ఫోన్లో తెరిచి చదవగలిగే, ఎవరైనా దిద్దగలిగే పుస్తకం లాంటిదది. మాకు దాని అవసరం ఉంది. తోతాపురి కాయ వచ్చే కొద్ది నెలలే మా యంత్రాలు తిరుగుతాయి. తర్వాత చాలామంది ఊళ్లకు వెళ్లిపోతారు. మళ్లీ వచ్చేసరికి ఏ వాల్వు ముందో, ఏది వెనకో సగం మందికి గుర్తుండదు.

యంత్రాలకు, శుభ్రతకు, విడిభాగాలకు వేర్వేరు పేజీలు చేశాను. ప్రతి పేజీ పైనా 'తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దండి' అని రాశాను. అందరూ తలూపారు. ఎవరూ దిద్దలేదు.

గుజ్జు తీసే యంత్రాల వరుసను, అంటే లైనును మొదలుపెట్టే పద్ధతిని పెద్దాయన రాశాడు. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి యంత్రాల బాగోగులు చూస్తున్న సూపర్‌వైజరు ఆయన. మావాళ్లకు వేరే అభిప్రాయం ఉంటే ఆయన వాక్యం కింద వినయంగా చేర్చేవారు. గుజ్జును వేడి చేసే యంత్రం దగ్గర ఆయన 'ఆవిరి వాల్వును ఒకేసారి పూర్తిగా తెరవాలి' అని రాశాడు. దాని కింద కొన్నాళ్లకు బాయిలర్ చూసే అన్న రాసింది: 'సార్ చెప్పినట్టే చేయాలి. కాకపోతే నిదానంగా తెరిస్తే మంచిది.' ఆ కింద ఎలక్ట్రీషియన్: 'పై ఇద్దరూ చెప్పింది కరెక్టే.'

మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. రెండో సీజన్ మొదలయ్యే రోజు నవ్వు రాలేదు.

సీజన్ మొదలయ్యే ముందు పెద్దాయన ఏటా కొండకు వెళ్లి దర్శనం చేసుకొస్తాడు. ఆ ఏడు ఎండలు ముదిరి, షెడ్డులో కాయ అనుకున్నదానికంటే ఒకరోజు ముందే పండింది. లైను ఆ రోజే నడపాలన్నారు. ఆయన తిరుమలలో ఫోను కౌంటర్లో అప్పగించి క్యూలో ఉన్నాడు. బాధ్యత నామీద పడింది. ఆవిరి దెబ్బకు, అతుకుల దగ్గర కారకుండా పట్టి ఉంచే గాస్కెట్టు పోతే కొత్తది చెన్నై నుంచి రావాలి. అంతవరకూ లైను ఆగుతుంది. పండిన కాయ ఆగదు.

వాల్వు దగ్గర కొత్తగా చేరిన పలమనేరు మనిషి ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"ఈడ ఒకేసారి అని ఉండాది సార్. తిప్పేదా?"

"ఆగప్పా," అని బాయిలర్ అన్నను పిలిచాను. "నిదానంగా అని రాసింది నువ్వే కదన్నా. ఎందుకు?"

"ఇది కొత్త బాయిలరబ్బా, ప్రెషర్ ఎక్కువ. ఇన్ని నెలలూ పైపులో నీళ్లు నిలిచిపోయుండాయి. ఒక్కసారిగా ఇడిస్తే ఆ నీళ్లు పోయి గాస్కెట్టును గుద్దుతాయి. పెద్దాయన రాసినప్పుడు పాతది ఉన్నింది. దానికి ఊపిరి తక్కువ. నిదానంగా తెరిస్తే వేడే ఎక్కదు."

నేను చదువుకున్నదీ అదే చెబుతోంది. కానీ పలమనేరు మనిషి కదల్లేదు.

"రేపేదన్నా అయితే నన్నడగతారు సార్. రాసిందొకటి, చేసిందొకటి అంటారు. మార్చి చూపించండి, తిప్పుతా."

అతను అన్నది న్యాయమే. "తెలిసింది నీకే, నువ్వే దిద్దన్నా," అని నా ఫోను బాయిలర్ అన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేడి గిన్నెలా చూశాడు.

"ఆయన రాసిందాన్ని నేను సెరిపేదా? బాగుండాది నీ వరస. నా కూతురి పెండ్లిలో అందరికంటే ముందొచ్చి కూసున్న మనిషాయన."

అప్పుడు పాత ప్రతుల పేజీ తెరిచి చూపించాను. మొదటి రోజు నుంచి ఎవరు ఏం రాశారో, ఏం మార్చారో వరుసగా ఉంది.

"సెరిపినా పోదా?"

"పోదన్నా. ఎవరు సెరిపినారో, ఎందుకు సెరిపినారో అదీ పక్కనే ఉంటాది."

"అట్లయితే ఇంకా బయం," అన్నాడు.

అయినా ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ వాక్యం తీసేశాడు. 'ముందు పైపులో నిలిచిన నీళ్లు బయటికి వదిలేయాలి. తర్వాత వాల్వు కొంచెం కొంచెంగా తెరవాలి' అని రాశాడు. కారణం అడిగే గడిలో ఇలా పెట్టాడు: 'కొత్త బాయిలర్ వచ్చింది. పెద్దాయన తప్పు కాదు.'

పలమనేరు మనిషి తన ఫోనులో పేజీ మళ్లీ తెరిచి చదువుకున్నాడు. పైపు కిందున్న చిన్న వాల్వు తెరిచి నీళ్లు బయటికి వదిలాడు. తర్వాత ఆవిరి వాల్వు కొంచెం తిప్పి ఆగాడు. పైపు టక్కు టక్కుమంది. ఇంకొంచెం తిప్పాడు. చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకెక్కింది. మధ్యాహ్నానికి పసుపు పచ్చని గుజ్జు డ్రమ్ముల్లోకి దిగింది.

సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లో ఆ పేజీ తెరిస్తే, చదువుతున్నవాళ్ల వరుసలో పెద్దాయన పేరు వెలిగింది. ఆయన క్యూలోంచి బయటికొచ్చి ఫోను తీసుకున్నాడన్నమాట. బాయిలర్ అన్న నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"అయిపోయింది. సూసేసినాడు."

అన్న రాసింది చెక్కుచెదరలేదు. దాని కిందున్న పెద్దాయన వాక్యం ఒకటి మాయమైంది. తర్వాత ఇంకొకటి. ఘాట్ రోడ్డులో దిగుతున్న బస్సులో కూర్చుని ఆయన తన మాటలను తానే కొట్టేస్తున్నాడు. కారణం గడిలో ఉంది: 'ఇవి కూడా పాత బాయిలర్ కాలానివే. ఇన్నాళ్లూ ఎవురూ చెప్పరేమబ్బా?'

కాసేపటికి ఇంట్లో ఉన్న ఎలక్ట్రీషియన్ తన 'పై ఇద్దరూ చెప్పింది కరెక్టే'ను తీసేసి, మోటారు ఏ దిక్కుకు తిరగాలో రాశాడు. ల్యాబులో పనిచేసే అక్క వేడి ఎంతుండాలో సరిచేసింది. తలా ఒకచోట ఉన్నారు. పేజీ నా కళ్ల ముందే చిన్నదవుతూ, స్పష్టమవుతూ పోయింది. ఆ వికీ లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. ప్రతి మార్పునూ ఎలా భద్రపరుస్తుందో బొమ్మ గీసి చెప్పగలను. అయినా ఇంతమంది ఒకే మనసుతో ఆలోచిస్తుంటే ఆ ఆలోచన అక్షరాల్లో కదలడం నేనెప్పుడూ చూడలేదు. తాకితే ఆగిపోతుందేమోనని కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

బాయిలర్ అన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ క్లీనింగ్ పేజీ యాడుంటాదబ్బా? దాంట్లోనూ ఒకటుండాది, తీసేయాల్సింది."