పర్శరాములు తువ్వాల

ఎల్లారెడ్డి బస్టాండులో పర్శరాములు కంటే అతని తువ్వాలే ఎక్కువమందికి తెలుసు. కామారెడ్డి బస్సు లోపలికి మళ్ళుతుండగానే పక్కన పరుగెత్తి కిటికీలోంచి విసిరితే, అది డ్రైవరు వెనక సీటు మీద పరిచినట్టు పడేది. తువ్వాల పడ్డ సీటు తువ్వాల గలవాడిది. ఆ దారిలో దీని మీద తగాదా లేదు.

ఈ విద్య అతను భార్య భూమక్క కోసం నేర్చాడు. ముందు సీటు దొరక్కపోతే లింగంపేట రాకముందే ఆమెకు వాంతి అయ్యేది. అందుకని ఆసుపత్రికి వెళ్ళినా, చుట్టాలింటికి వెళ్ళినా ఆమె ముందు సీట్లో, అతను పక్కన కడ్డీ పట్టుకుని.

కూతురు సంజనకు కాన్పు కష్టమైనప్పుడు భూమక్క గోడ మీది క్యాలెండరులో బొమ్మ చూసి ముక్తినాథుడికి మొక్కుకుంది. తల్లీపిల్లా గండం గడిచాక, ఆ దేవుడు నేపాల్లో ఉంటాడని తెలిసింది.

"కొండలంట. ముందు సీటు లేకుంటే నేను ఎక్క" అంది భర్తతో.

"నేనుండంగ నీకేం రందే" అన్నాడు పర్శరాములు.

కామారెడ్డి నుంచి యాత్రకు తీసుకెళ్ళిన శైలేందర్, నేపాల్లోని పోఖరాలో పెద్ద బస్సులోంచి అందరినీ దింపేసి, ఇక కొండదారికి ఇక్కడి బస్సే అన్నాడు. ఆ బస్సు స్టాండులోకి మళ్ళింది. పర్శరాములు పరుగెత్తాడు. యాత్ర కోసం కొన్న తెల్ల తువ్వాల గురి తప్పలేదు. కాకపోతే ముందు స్టాపులో కొడుకుతో ఎక్కిన ఒక ముసలామె ఆ సీట్లో ఉంది. తువ్వాల ఆమె భుజాల మీద పడింది.

శైలేందర్ ఆయాసపడుతూ వచ్చాడు. "అన్నా, గిది కామారెడ్డి బస్సనుకున్నవా? టికెట్ల మీద నంబర్లుంటయి. మనయి ఆఖరి సీట్లు."

"ముందుగాల చెప్పకపోతివి."

"నువ్వు ఉరుకుతవని నాకేం ఎర్క?"

మూతికి దస్తీ కట్టుకుని, చేతిలో నిమ్మకాయతో భూమక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నేను ఎక్క" అంది.

లోపల ముసలామె తువ్వాలను మెడ చుట్టూ సర్దుకుని పర్శరాములుకు చేతులు జోడించింది. కండక్టరు హిందీలో ఏదో చెప్పాడు.

"ఈడ పెద్దోళ్ళకు మర్యాద చెయ్యాలంటే మెడల గుడ్డ కప్పుతరట" అన్నాడు శైలేందర్. "అవ్వ మస్తు ఖుషీగున్నది. ఇగ తువ్వాల అడగకు."

ముసలామె నిమ్మకాయను చూసింది, దస్తీని చూసింది. పక్కనున్న కొడుకును వెనక్కి పొమ్మని, తను జరిగి, కిటికీ సీటు మీద చేత్తో తట్టింది. భూమక్క ఎక్కింది.

పర్శరాములు ఆఖరి సీట్లో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో బస్సు వెనక భాగంలో కూర్చోవడం అదే మొదలు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఎక్కడో అడుగున నది. గుంత వస్తే ముందు సీట్లు ఊగుతాయి, ఆఖరి సీటు లేస్తుంది. లేచిన ప్రతిసారీ అతని తల పైకప్పుకు తగిలింది. కొంతసేపటికి కిటికీలోంచి తల బయట పెట్టక తప్పలేదు. మూతి తుడుచుకోవడానికి భుజం తడుముకున్నాడు. తువ్వాల ముందు సీట్లో ఉంది.

చాయ్ కోసం ఆపినప్పుడు భూమక్క నిద్రమొహంతో వచ్చింది.

"ఎట్లున్నది?" అంది.

"మంచిగనే ఉన్నది."

"మంచిగుంటే మొకం గట్ల గుంజుకపోయిందేంది?"

అతను చొక్కా చేతితో మూతి తుడుచుకున్నాడు.

"పెండ్లైన కొత్తల గిట్లనే నన్ను ఎన్క కూసోబెట్టినవు. కక్కితే, ఉత్త ఏశాలన్నవు."

"అన్ననా?"

"అన్నవు."

నిమ్మకాయ అతని చేతిలో పెట్టింది.

పైన జోమ్‌సోమ్ అనే ఊళ్ళో ఇంకో బస్సు మారాలి. దానికి నంబర్లు లేవని శైలేందర్ ఈసారి ముందే చెప్పాడు. పర్శరాములు రాయి మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. బస్సు దుమ్ము లేపుతూ వచ్చింది. భూమక్క అతని చేతిలోంచి నిమ్మకాయ తీసుకుని దస్తీలో ముడేసింది. కొంగు దోపి బస్సు పక్కన పరుగెత్తి, కిటికీలోకి విసిరింది. కొంచెం అడ్డంగా పడినా ముందు సీటు మీదే పడింది.

"ఎక్కు" అంది తిరిగొచ్చి.

"మరి నువ్వు?"

"ముందట్నే నిలబడ్త. కడ్డీ ఉంటది గద."