తువాలు కింద పలికిన ధర

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవరాలు తన తరగతి పిల్లలు ఇద్దరిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇక్కడే హిందూపురంలో బి.కాం. చదువుతోంది. ఊళ్లో పాతకాలపు వ్యాపారాలు ఎలా నడిచేవో పెద్దవాళ్లను అడిగి రాసుకుని రమ్మని కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారట. ఆ వారం మార్కెట్ యార్డులో చింతపండు ఏ రకం ఎంత పలికిందో ఫోనులో చూపించి, మీ రోజుల్లో ఈ ధర ఎవరు నిర్ణయించేవాళ్లు తాతా అని అడిగింది. చాలా మామూలు ప్రశ్న. అయినా నా కుడిచేతి పిడికిలి నాకు తెలియకుండానే బిగుసుకుంది. ఎనభైకి దగ్గరపడిన మనిషికి, అరవై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నం తలపుకు వస్తే ఇప్పటికీ అరచేతిలో చెమట పడుతుందంటే మీరు నమ్ముతారో లేదో గానీ నాకు పడుతుంది.

నేను కామర్సులో చేరినప్పుడు మా ఊళ్లో కాలేజీ చదువు ఇంకా కొత్త. మా లెక్చరరు కోస్తా నుంచి వచ్చిన యువకుడు, తెల్లటి ప్యాంటు వేసుకుని, నల్లబల్ల మీద గిరాకీకని పైనుంచి కిందికొక గీత, సరఫరాకని కిందినుంచి పైకొక గీత గీసి, ఈ రెండూ కలిసిన చోట ధర పుడుతుందని ఎంతో నమ్మకంగా చెప్పేవాడు. మాకూ ఆ గీతల మీద గొప్ప గురి కుదిరింది. మొదటి సంవత్సరం చివర్లో ఆయన, మీమీ ఊళ్లలో ధర ఎక్కడ పుడుతుందో కళ్లారా చూసి వ్యాసం రాసుకుని రండి, అందరి ముందూ చదివిస్తానన్నాడు. నా పక్కన కూర్చునే ధర్మవరం స్నేహితుడు మగ్గాల ఇంటివాడు గనక పట్టుచీర తీసుకున్నాడు. నేను చింతపండు తీసుకున్నాను, ఎందుకంటే మా నాయన బతుకే చింతపండు.

నాయన పెద్ద షావుకారేమీ కాదు. గుడిబండ, మడకశిర వైపు నుంచి బండ్ల మీద వచ్చే చింతపండును రైతుల దగ్గర కొని, బెంగళూరుకు పంపే పెద్ద వ్యాపారులకు అమ్మేవాడు. మార్కెట్లో ఒక రేకుల చావడి, దాని ముందు ఒక గోనెపట్టా, భుజాన ఒక ఎర్రంచు తువాలు, ఇదే మా వ్యాపారమంతా. మన తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో బేరం నోటితో చేసేవాళ్లు కాదు. కొనేవాడు తువాలు పరిస్తే అమ్మేవాడు దాని కింద చేయి పెట్టేవాడు. లోపల వేళ్లు పట్టుకుని, నొక్కి, మడిచి ధర చెప్పుకునేవాళ్లు. పైన మాత్రం ఇద్దరూ వానల గురించో, ఎద్దుకు పట్టిన గాలికుంటు గురించో మాట్లాడుతుండేవాళ్లు. పక్కనున్నవాడికి ఆ ధర చచ్చినా తెలిసేది కాదు. నాకు నేర్పమని చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు అడిగాను. చదువుకునేవానికి ఇవన్నీ యాలబ్బీ అని నాయన నవ్వి ఊరుకునేవాడు. నేర్పి ఉంటే నా కథ వేరేగా ఉండేదేమో.

ఆ రోజు సంత. ఎండాకాలం మొదట్లో చింతపండు వెల్లువలా వచ్చే రోజులు. నేను నోటుపుస్తకం పట్టుకుని చావడిలో కూర్చున్నాను. నాయన తూకం దగ్గర ఏదో తగవు వచ్చిందని పిలిస్తే లేచి, ఎండ నెత్తిన కొడుతోందని తన తువాలు నా తల మీద కప్పి వెళ్లాడు. కాసేపటికి నేను దాన్ని తీసి భుజాన వేసుకున్నాను, సరిగ్గా నాయన వేసుకున్నట్టే. మీకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. మా మార్కెట్లో మాత్రం ఆ తువాలు ఎవరి భుజాన ఉంటే ఆ పూట దుకాణం వాడిదే, వాడి చేయే యజమాని చేయి. పుట్టినప్పటినుంచీ ఆ మార్కెట్లో తిరిగినవాణ్ణి, నాకు ఆ సంగతి తట్టనే లేదు.

గుడిబండ నుంచి ఎప్పుడూ నాయనకే సరుకు వేసే ఒక ముసలి రైతు వచ్చి నా ముందు కూర్చున్నాడు. నా భుజం మీది తువాలు చూశాడు, నా మొహం చూశాడు, చేయి చాచాడు. నాకు భయమేమీ వేయలేదు, ఒకటే సంబరం. గీతలు కలిసే చోటును లెక్చరరు కూడా చూడలేదు, నేను తాకి చూడబోతున్నాననుకున్నాను. తువాలు పరిచి చేయి పెట్టాను. ఆయన నా వేళ్లు కొన్ని పట్టుకుని గట్టిగా నొక్కాడు. మడిచాడు, మళ్లీ నొక్కాడు. నేను క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు, నాకు సరిగ్గా అందిందో లేదో చూసుకుందామని, ఆయన ఏ వేళ్లు నొక్కాడో ఆ వేళ్లనే అదే వరసలో తిరిగి నొక్కాను. అర్థమైందని చెప్పడం నా ఉద్దేశం. ఒప్పుకున్నానని చెప్పడం ఆ మార్కెట్ ఉద్దేశం. ముసలాయన ఒక్క క్షణం నా కళ్లలోకి చూసి, తువాలు లాగేసి, బండి దగ్గరున్న మనుషులను కేకేశాడు.

"బేరమైపాయ, దింపండప్పా!"

నాయన వచ్చేసరికి మా చావడి ముందు గంపలు దిగుతున్నాయి. నేను ఏ వేళ్లు నొక్కానో అడిగి చెప్పించుకున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు పలికే ధరకు నేను ఒప్పుకున్నది ఒకటిన్నర రెట్లు. నేను తెలియక చేశానని, పిల్లవాడు పొరబడ్డాడని ముసలాయనకు ఒక్క మాట చెబితే చాలుననీ నేను ఏడుపు గొంతుతో బతిమాలాను. నాయన గోనెపట్టా మీద పడి ఉన్న తువాలు తీసి తన భుజాన వేసుకున్నాడు.

"చెయ్యి ఇచ్చినావు గదా, ఇంగ మాటేముండాది. ఈ పొద్దు మనం ఎనక్కి పోతే రేపు మన తువాలు కింద ఎవుడు చెయ్యి పెడ్తాడు?"

అంతే. నన్ను తిట్టి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

ఆ సరుకుకు కట్టిన సొమ్ములో నా రెండో సంవత్సరం ఫీజుకని అమ్మ దాచి ఉంచినది కూడా పోయింది. జూన్‌లో కాలేజీ తెరిచేలోగా ధర లేవాలి, లేకపోతే నా చదువు ఆగిపోతుంది. అప్పటినుంచి మా ఇల్లు చింతపండు కొట్టమైపోయింది. నడిమింట్లో కప్పు దాకా గంపలు, మేమంతా అరుగు మీద పడకలు. అన్నం తింటే పులుపు, నీళ్లు తాగితే పులుపు, కట్టుకున్న చొక్కా వాసన చూస్తే పులుపు. మా అవ్వ గుమ్మంలో కూర్చుని గింజలు తీస్తూ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని రోజుకు నాలుగుసార్లైనా అనేది. నేను విననట్టు నటించేవాణ్ణి. తెల్లారి లేవగానే మొదట ఆకాశం చూసేవాణ్ణి, ఎందుకంటే చింతపండుకు చెమ్మ తగిలితే నల్లబడి ఎందుకూ పనికిరాదు. చిన్న మబ్బుతునక కనిపించినా లోపలికి పోయి పెంకుల్లో సందులున్నాయేమోనని వెతికేవాణ్ణి. నాయన మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు చెప్పుల చప్పుడును బట్టే ఆ రోజు ధర లేచిందో పడిందో కనిపెట్టేవాణ్ణి. లేచిన రోజు ఒక్కటీ లేదు.

ఈ మధ్యలోనే కాలేజీలో వ్యాసం చదవాల్సి వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. గుట్టుచప్పుడు బేరాల వల్ల ధర బయటికి రాదని, ఈ తువాలు పద్ధతిని చట్టం చేసి మాన్పించాలని, నేను చేసిన పని గురించి ఒక్క ముక్క రాయకుండా, పెద్ద మేధావిలా రాశాను. లెక్చరరు అందరికంటే నన్నే మెచ్చుకున్నాడు. చప్పట్లు కొడుతుంటే నా చొక్కా నుంచి వచ్చే పులుపు వాసన ముందు వరసదాకా పోతుందేమోనని నాకు ఒకటే భయం. ధర్మవరం స్నేహితుడికి మాత్రం అంతా తెలుసు. బయటికి రాగానే, వ్యాసం రాస్తే గంపలు ఖాళీ కావప్పా, సంచీలో వేసుకుని బయల్దేరు అన్నాడు.

అలా సెలవుల్లో నా మొదటి స్వంత వ్యాపారం మొదలైంది. పొద్దున్నే పాసింజరు బండిలో రెండు సంచులు సీటు కింద తోసి పెనుకొండలో దిగేవాణ్ణి. అక్కడ కోట దారిలో ఉన్న అంగళ్లన్నీ తిరిగి, ఆ తర్వాతి బండికి ధర్మవరం పోయి, జంక్షను ముందున్న భోజనం హోటళ్లలో అడిగేవాణ్ణి. గీతల చదువు అక్కడ నాకేమీ పనికిరాలేదు. హోటలాయన చింతపండు చిదిమి, నాలుక మీద వేసుకుని, కన్ను చికిలించి, వద్దు పో అంటే గీత ఎక్కడ కలిసినట్టు? స్నేహితుడు తమ వీధిలో మగ్గం దిగివచ్చిన ప్రతి మనిషికీ, మావాడు సరుకు తెచ్చినాడు, చూడండని చెప్పేవాడు. వాళ్లు తలా కొంచెం కొనేవాళ్లు, నా మీద జాలితోనే. నెల తిరిగేసరికి నేను ఖాళీ చేసింది మూడు గంపలు. నడిమింట్లో మిగిలింది కొండంత.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు మే నెల చివర్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మా పెంకులు ఎగిరిపోయాయి. ఇంటిల్లిపాదీ గోనెలు, దుప్పట్లు, ఆఖరికి అమ్మ పెళ్లిచీర కూడా తెచ్చి గంపల మీద కప్పాం. నాయన తన తువాలు కూడా తీసి ఒక గంప మీద కప్పి, ఆ వానలో ఒట్టి భుజాలతో నిలబడ్డాడు. ఆ నిలబడడం నేను మరిచిపోలేదు, మరిచిపోను. మరునాడు, తడవనిదీ తడిసినదీ కలిపి, ఎవరో పెద్ద వ్యాపారి అడిగిన ధరకు నాయన మారుమాట లేకుండా ఇచ్చేశాడు. జూన్‌లో మా ఎనుమును, ఇంట్లో ఉన్న ఒక్క పాడిగేదెను, ముదిగుబ్బ మనిషొకడు కొని తోలుకుపోయాడు. ఆ డబ్బుతో నా ఫీజు కట్టారు. ఆ ఏడాదంతా మా ఇంట్లో పాలు లేవు. అమ్మ బెల్లపునీళ్లలో కాఫీపొడి వేసుకుని, ఇదే బాగుందని తాగేది. ఆ అబద్ధం వింటూ నేను రెండో సంవత్సరం చదివాను.

మరుసటి ఏడు చింతపండు కాలం వచ్చింది. గుడిబండ ముసలాయన ఇక మా వైపు రాడని అందరమూ అనుకున్నాం. వచ్చాడు. అంతకంటే మంచి సరుకు, కరిపులి అనే మేలురకం, బండి నిండా తెచ్చాడు. నాయన నన్ను పక్కన కూర్చోమని తువాలు పరిచాడు. ముసలాయన వెంటనే చేయి పెట్టలేదు. నన్ను చూడలేక నేల చూస్తూ మాట్లాడాడు.

"నీ కొడుకు తెలీక పట్న్యాడని నాకు ఆ పొద్దే తెల్సునప్పా. బావి ఎండిపోయ, పూడిక తీసేకి దుడ్లు లేకపాయ. నోరు మూసుకోని తీసుకుంటి."

నాయన తువాలును కాస్త ఆయన వైపు జరిపాడు. ఇద్దరి చేతులూ తువాలు కింద కలిశాయి. ఏ బేరమూ అంతసేపు జరగడం నేను చూడలేదు. తెప్పించిన కాఫీ చల్లారిపోయింది. పక్క చావళ్లవాళ్లు తలలు తిప్పి చూడసాగారు. కొంతసేపటికి నాకు సంగతి అర్థమైంది. వద్దన్నట్టు తల ఊపుతున్నది కొనే నాయన. పట్టు విడవకుండా ముందుకు వంగుతున్నది అమ్మే ముసలాయన. అమ్మేవాడు ధర తగ్గిస్తున్నాడు, కొనేవాడు పెంచుతున్నాడు. పోయినేటి బేరం పోయినేడే తీరిపోయ, ఈ పొద్దు ధర ఈ పొద్దు పట్టప్పా అని నాయన ఒక్కసారి మాత్రం గట్టిగా అన్నాడు. చివరికి తువాలు లాగేటప్పటికి ఇద్దరి కళ్లూ తడిగానే ఉన్నాయి, ఇద్దరూ దుమ్ము పడిందన్నారు. ఎంతకు తెగిందో నాయన నాకు ఎన్నడూ చెప్పలేదు. ఎప్పుడడిగినా, చదువుకునేవానికి ఇవన్నీ యాలబ్బీ అనే అన్నాడు, నేను చదువు ముగించి బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కూడా.

ఇదంతా చెప్పాక మా మనవరాలు తన కాగితాల్లో ఒక పట్టిక తీసింది. సరుకు, రకం, ఆఖరి ధర అని గళ్లు గీసి ఉన్నాయి. ఆ ఆఖరి ధర ఎంత తాతా అంది. తెలియదమ్మా అన్నాను. గడి ఖాళీగా ఉంటే మా సార్ ఒప్పుకోడంది. ఉండనీ అన్నాను. తువాలు కింద ఎందరో దళారులు ఎందరో అమాయక రైతులను ముంచారని, ఈ రోజు ధరలు బోర్డు మీద అందరికీ కనిపించడమే న్యాయమనీ కూడా చెప్పి రాసుకోమన్నాను, ఎందుకంటే అది నిజం. ఆ పాత వ్యాసంలో నేను రాసింది తప్పు కాదు. అందులో మా నాయన లేడు, అంతే.

వెళ్లబోతూ, ఒక్కసారి చేసి చూపించు తాతా అని ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుంది. నా భుజం మీది తువాలు పరిచాను. దాని కింద ఆమె చేయి పట్టుకుని రెండు వేళ్లు నొక్కాను. ఆ పిల్ల చటుక్కున, తనకు అర్థమైందని చెప్పడానికి, నా వేళ్లు రెండు అచ్చంగా అలాగే తిరిగి నొక్కి, ఇంతేనా అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నొక్కుకు ఎవరి ఎనుమూ అమ్ముడు పోదు, ఎవరి చదువూ ఆగదు, అందుకు సంతోషించాలి. కానీ ఆ వేళ్లను వదలడానికి నాకు కాస్త సమయం పట్టింది.