చెవమ్మ వెనక్కి తీసుకున్న మాట

మా పెద్దమ్మని బజారంతా చెవమ్మ అనేది. చాటుగానే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది! పెదనాన్న వెండి కొట్టులో పాత నాణేలు చూసే బల్ల ఆవిడది. ఎవరైనా తెల్లదొరల కాలం నాటి వెండి రూపాయి, రాణి బొమ్మది, తెస్తే దాన్ని వేలి కొసన నిలిపి ఇంకో రూపాయితో అంచు మీద మెల్లగా తట్టేది. కళ్ళు మూసుకుని వినేది. మంచి వెండి సన్నగా, సాగుతూ మోగుతుంది. దొంగ నాణెం టప్పుమని ఊరుకుంటుంది. "మంచిది" అనో "దొంగది" అనో ఒక్కటే మాట. దానికి తిరుగులేదు. పెదనాన్న కూడా నోరెత్తేవాడు కాదు. ఇంట్లో ఎత్తలేనివాడు కొట్టులో ఏం ఎత్తుతాడు?

మా అమ్మ ఆవిడకి తోడికోడలు. కాపురానికి వచ్చిన కొత్తలో, వాళ్ళమ్మ ఇచ్చిన రూపాయిని కొట్టుకి తీసుకెళ్ళింది. అమ్మడానికి కాదు, మురిపెంగా చూపించుకోవడానికి. అమ్మమ్మ దాన్ని ఏళ్ళ తరబడి మెడలో వేసుకుందట. పోయేముందు కొక్కెం తీయించి, "అసలు వెండే, జాగ్రత్త" అని కూతురి చేతిలో పెట్టిందట. పెద్దమ్మ తట్టింది. టప్పుమంది. త్రాసులో వేస్తే మంచి రూపాయి కంటే బరువు తూగింది. కొట్టు నిండా జనం.

"దొంగది" అంది పెద్దమ్మ, పక్కనున్న నాణెం అందుకుంటూ.

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో అమ్మమ్మ పేరు 'దొంగ రూపాయి ఆవిడ' అయిపోయింది. ఎవరో ఒకరు హాస్యమాడేవారు. అమ్మ అందరితో పాటు నవ్వి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. "మా అమ్మ అబద్ధం చెప్పదు అక్కా" అని ఒకసారి అనబోతే, "చెప్పింది నేను కాదు, నాణెం" అని పెద్దమ్మ కొట్టిపారేసింది. పైఅంతస్తులో వాళ్ళు, కింద మేము. ఒకే మెట్లు ఎక్కి దిగుతూ, ముక్తసరి మాటలతోనే ఇద్దరి జుట్టూ నెరిసింది. నేను అమ్మ పక్షం. దాపరికమేం లేదు.

తర్వాత పెద్దమ్మ చెవులు పోయాయి. మొదట గొణిగేవాళ్ళని విసుక్కుంది, తర్వాత గొణగనివాళ్ళని కూడా. చెవి మిషన్ పెట్టినా లాభం లేకపోయింది. పెదనాన్న ఒక కాగితం మీద 'ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకో' అని రాసి చూపించాడు. చదివి, ఆ కాగితంలోనే ఒక నాణేన్ని పొట్లం కట్టి సొరుగులో పడేసింది. మర్నాడు భూతద్దం కొనుక్కుని మళ్ళీ బల్ల ముందు కూర్చుంది.

చెవితో చేసిన పనిని కంటితో ఓనమాల నుంచి నేర్చుకుంది. పోత పోసిన దొంగ నాణెం మీద అక్షరాలు అరిగిన సబ్బు మీద పేరులా ఉంటాయి, ఒళ్ళంతా సూదిమొన గుంటలుంటాయి. అచ్చు గుద్దిన అసలుదానికి అంచు చుట్టూ గాట్లు దువ్వెన పళ్ళలా తీరుగా ఉంటాయి. మెడ పట్టేసేది. కళ్ళవెంట నీళ్ళు కారేవి. అయినా లేచేది కాదు.

అలా చూస్తూ చూస్తూ ఒకరోజు ఆగిపోయింది. పెదనాన్న తట్టి చూసి, మోగట్లేదని తల అడ్డంగా ఊపిన రూపాయి అది. అద్దం కింద మాత్రం అక్షరాలూ గాట్లూ నికార్సుగా ఉన్నాయి. అంచు దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. పగిలిన కుండని తడితే మోగుతుందా? వెండి మంచిదే, పగులు వల్ల మూగబోయింది. ఆ పూట పెద్దమ్మ అన్నం ముట్టలేదట. సాయంత్రం మా గుమ్మంలో నిలబడింది.

"నీ రూపాయి ఒకసారి ఇయ్యి."

"మళ్ళీ దొంగదనడానికా?" అంది అమ్మ.

వినిపించకపోయినా మొహం చూస్తే అర్థమయ్యే ఉంటుంది. అయినా మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో అప్పుడు కళ్ళారా చూశాను. అమ్మ రోజూ లేదు పొమ్మనేది, ఆవిడ రోజూ కుర్చీ లాక్కుని కూర్చుని మా కూరగాయలు తరిగిపెట్టి వెళ్ళేది. చివరికి అమ్మ విసిగిపోయి, చీరల అడుగు నుంచి నాణెం తీసి ఆవిడ ముందు పడేసింది.

"ఈసారి కూడా దొంగదంటే మా గడప తొక్కొద్దని రాసివ్వు" అంది నాతో. రాసిచ్చాను. పెద్దమ్మ చదివి తలూపింది.

కొట్టుకి తీసుకెళ్ళి అద్దం కింద పెడితే, రాణి కిరీటం పైన, ఒకప్పుడు కొక్కెం ఉన్నచోట, బూడిదరంగు మచ్చ ఉంది. గిన్నెలకి మాట్లు వేసే మనిషెవరో సీసంతో పెట్టిన టంకం. కొక్కెం ఊడదీసినా అది అలాగే మిగిలిపోయింది. నాణెం బరువెక్కింది దానివల్లే. యాసిడ్ చుక్క వేసి తేల్చేద్దామని పెదనాన్న సీసా తెస్తే, "వాళ్ళమ్మ మెడలోది, మచ్చ పడనివ్వను" అంది పెద్దమ్మ. సూదితో, వెదురుపుల్లతో నలుసు నలుసుగా టంకం గీకింది. వేళ్ళు పట్టేస్తే వేడినీళ్ళలో ముంచి, మళ్ళీ గీకింది. టంకం పోయాక కింద పగులు కనిపించింది. పెదనాన్న త్రాసులో ఒకవైపు మంచి రూపాయి, ఇంకోవైపు అమ్మమ్మది వేశాడు. ముల్లు అటూ ఇటూ ఊగి మధ్యలో నిలిచింది.

ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పమని పెదనాన్న సైగ చేశాడు.

"నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి" అంది ఆవిడ.

సంత రోజు, కొట్టు కిటకిటలాడుతుండగా, అమ్మని పిలిపించింది. వెంట నేనూ వెళ్ళాను. చెవుడు వచ్చాక ఆవిడ గొంతు రెట్టింపయింది.

"ఈ రూపాయి అసలుది!" అని అరిచింది. "ఇదే చోట నేను దొంగదన్నాను. తప్పు నాది. ఈవిడ తల్లి నిజం చెప్పింది."

ఎదురు కొట్టులో దర్జీ మిషన్ ఆపేశాడు. అమ్మ నాణేన్ని అందుకుని పిడికిట్లో బిగించింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోపంగా నిలదీసింది.

"చెవులు బాగున్న రోజుల్లో చెప్పానుగా అక్కా. అప్పుడెందుకు వినలేదు నువ్వు?"

నేను కాగితం కోసం వెతుక్కుంటుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. అమ్మ పెదాల మీద నుంచి చూపు తిప్పకుండా, బల్ల అవతల నుంచి తన కుర్చీ తెచ్చి అమ్మకి ఎదురుగా వేసుకుంది.

"మెల్లగా చెప్పు" అంది. "మీ అమ్మ గురించి. మొదటి నుంచి."

అమ్మ పక్కనున్న స్టూలు లాక్కుంది. దాని మీద కూర్చుని మొదలుపెట్టింది. నాణేలు తెచ్చినవాళ్ళని పెదనాన్న రేపు రమ్మని పంపేశాడు.