పాలిపోయిన పచ్చడి గిన్నె

బాపట్లలో అక్క వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు చూశాను. నేను చేసిచ్చిన ఆకుపచ్చ గిన్నెలో నిమ్మకాయ పచ్చడి ఉంది. అక్క వడ్డిస్తుంటే, పచ్చడి తగ్గినచోట గిన్నె తెల్లగా పాలిపోయి కనిపించింది.

"ఏంటక్కా, దీన్ని దేంతో తోమావు?"

"తోమడమేంటి? నెల రోజుల్నుంచి పచ్చడి దాంట్లోనే ఉంది."

ఆ ఆకుపచ్చ నేను పూతలో కలిపిన రాగి పొడిది. రంగు గిన్నెకి లేదంటే పచ్చడిలోకి దిగి ఉండాలి; రాగి ఎక్కువైతే ఒంటికి మంచిది కాదు. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. చెబితే అక్క నవ్వింది. "నెల రోజులుగా తింటున్నాం, మాకేం కాలేదే!" ఆ మాటకి ధైర్యపడాలో, ఇంకా భయపడాలో తెలియలేదు.

నేను తెనాలిలో లెక్కల టీచరుగా చేసి, రిటైరయ్యాక కుండల పని నేర్చుకున్నాను. పెరటి గదిలో చిన్న కరెంటు బట్టీ పెట్టించుకున్నాను. మట్టి గిన్నెకి గ్లేజు, అంటే గాజు పూత, పట్టించి బట్టీలో పెడితే అది కరిగి అంటుకుంటుంది. తళతళలాడేవి నాకు నచ్చవు. గులకరాయిలా మెరుపు లేకుండా ఉండే మ్యాట్ గ్లేజంటే ఇష్టం. అలాంటి గిన్నెలు పన్నెండు చేసి, అక్కకి ఆరిచ్చి ఆరు నేనుంచుకున్నాను.

ఇంటికొచ్చి నా ఆరింటిలోనూ నిమ్మరసం పోసి ఒక రోజంతా ఉంచాను. నాలుగు పాలిపోయాయి. రెండు చెక్కుచెదరలేదు. ఒకే బకెట్టులోని పూతలో ముంచాను, ఒకే బట్టీ, ఒకే రోజు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

నాతోపాటు మా స్కూల్లో సైన్సు చెప్పిన సార్ ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నారు. రెండు రకాల గిన్నెలూ సంచిలో వేసుకుని రైలెక్కాను. ఆయన గిన్నె లోపల వేలితో రాసి చూశారు.

"మెరవకపోవడానికి రెండు కారణాలుంటాయమ్మా. పూత సరిగా కరగకపోయినా మెరవదు. బాగా కరిగి, చల్లారేటప్పుడు అందులో సన్నటి స్ఫటికాలు కట్టినా మెరవదు. కరగనిదాన్ని పులుపు తినేస్తుంది."

"రెండూ ఒకే బకెట్టులో ముంచానండి."

"ముంచిన ప్రతిసారీ కలిపారా?"

మొదట్లో కలిపాను. తర్వాత కలిపానో లేదో ఎంతకీ గుర్తు రాలేదు.

"కలపకపోతే బరువైన పొడులు అడుక్కి దిగిపోతాయి. ముందు ముంచినవాటికి ఒక పూత, చివరివాటికి ఇంకో పూత పడుంటుంది. ఒకటి కరిగే వేడికి ఇంకోటి కరగదు."

"అయితే పాలిపోనివి మంచివేనాండి?"

"అలాగని చెప్పలేను. పాలిపోతే పనికిరాదని తెలుస్తుంది. పాలిపోనంత మాత్రాన పనికొస్తుందని కాదు. ల్యాబులో చూపించాలి."

ఒక సందేహంతో వెళ్ళి మూడు సందేహాలతో తిరిగొచ్చాను. మర్నాడు బాపట్ల వెళ్ళి అక్క దగ్గరున్న ఆరూ అడిగాను.

"ఇచ్చినవి ఎవరైనా వెనక్కి తీసుకుంటారటే?" అని కోప్పడింది. ఒక్కటైనా ఉంచుకుంటానంది. ఏది ఉంచాలో నాకే తెలియదని చెప్పి అన్నీ తెచ్చేశాను.

కొత్త గిన్నెలకి లోపల రంగు పొడులేవీ లేని మెరిసే పూత వేశాను. మ్యాట్ బయటికే పరిమితం. ఒకటి ల్యాబుకి పంపాను. రిపోర్టులో అంకెలున్నాయి, వాటి అర్థం మాత్రం తెలియలేదు. ఫోనులో సార్‌కి చదివి వినిపించాను.

"నిక్షేపంగా వాడుకోండమ్మా," అన్నారు.

ఇంకోసారి అడిగాను. మళ్ళీ అదే చెప్పారు. ఆ మధ్యాహ్నం కొత్త గిన్నెలో పెరుగన్నం కలుపుకున్నాను.