కాజాల పద్దు

ఆవిడను మా వీధిలో అందరూ యూనిఫారాల అక్క అనే పిలుస్తారు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, కిటికీ పక్కన గుడ్డ కత్తిరించే బల్ల, బల్ల కింద నీలం, తెలుపు థాన్లు. అక్క బడి చొక్కాలు మిషను మీద కుడితే, కాజాలు తీసి గుండీలు వేసేది తోటికోడలు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పదకొండేళ్లు అలాగే సాగింది. “కళ్లు మూసుకున్నా దాని సూది గురి తప్పదు” అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఏటా బళ్లు తెరిచే రోజుల్లో గుండీలు అయిపోవడం, దారం అయిపోవడం, పరుగెత్తి ఎక్కువ ధరకు తెచ్చుకోవడం మామూలే. కిందటేడు ఒక బడి పిల్లలందరికీ కుట్టే పని ఒప్పుకున్నాక, ఈసారి ఏడాది ఖర్చంతా ముందే వేసుకోవాల్సిందేనని అక్క పట్టుబట్టింది. తన రాత తనకే అర్థం కాదు కాబట్టి, పుస్తకం తోటికోడలి చేతికిచ్చి తను చెబుతూ పోయింది.

“గుడ్డ రాయి. దారం. గుండీలు. కరెంటు. సూదులు, మిషను నూనె. మోటారు ఏడాదికోసారి మొరాయిస్తుంది, అదీ రాయి.”

“ఇంకా?”

“కొలతలివ్వడానికి వచ్చేవాళ్లకి టీ.”

“టీ కూడానా అక్కా!”

“మరి? ఊరికే వస్తుందా అది?”

అక్క భర్త గుమ్మంలోంచి తొంగిచూశాడు. “నన్ను ఏ పద్దులో వేశారు?”

“దండగ ఖర్చుల్లో” అంది అక్క. ముగ్గురూ నవ్వారు.

నవ్వు ఆగాక తోటికోడలు మళ్లీ అడిగింది. “ఇంకేమైనా మిగిలిందేమో చూడక్కా.”

“ఇంకేముంటుందే? కూడెయ్యి.”

కూడింది. మొత్తం కింద రెండు గీతలు గీసి పుస్తకం ఇచ్చేసింది. నెల తిరక్కుండానే ఊరి బయటి రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చేరింది.

“ఇంట్లో పని పెట్టుకుని పరాయివాళ్ల దగ్గరకి పోవడమేంటి? ఇక్కడ నీకేం తక్కువైంది?” అని అక్క మండిపడింది.

“ఏమీ లేదులే అక్కా” అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది ఆమె.

ఆ సీజనుకి కాజాలన్నీ బయట చేయించాల్సి వచ్చింది, ఒక్కోదానికి ఇంతని. మొదటి బిల్లు పుస్తకంలో ఎక్కించబోతే, అలాంటి ఖర్చుకి చోటే లేదు.

“టీకి ఉంది, నూనెకి ఉంది” అంది అక్క, నాకు ఇదంతా చెబుతూ. “ఎదురుగా కూర్చున్న మనిషికి లేదు. అదీ దాని చేత్తోనే రాయించాను! రెండుసార్లు అడిగింది, పిచ్చిది. నాకేంటి అని అడగడానికి నోరు రాక, ఇంకేమైనా ఉందా అని అడిగింది. చేతి ఖర్చుకి అడిగినప్పుడల్లా ఇస్తూనే ఉన్నాను కదా అనుకున్నాను. అడిగితే తప్ప ఇవ్వలేదని తట్టనేలేదు.”

ఈ ఏడాది పుస్తకం అక్కే రాసింది, తన వంకర అక్షరాలతో. అన్నిటికన్నా పైన ‘కాజాలు, గుండీలు, చెల్లి జీతం’ అని. తోటికోడలు పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే తెచ్చి ముందు పెట్టింది.

“వచ్చెయ్యవే. నెలనెలా నీ చేతిలో పెడతాను.”

ఆమె ఆ అంకె కాసేపు చూసింది. “ఇంతకి ఎవరూ రారక్కా. అక్కడ కొత్తవాళ్లకే ఎక్కువిస్తున్నారు. ఇంకో రెండు వేలు వేసుకో. ఫ్యాక్టరీలో మా లైనులో ఒకావిడది మన పక్క వీధే, బస్సు ప్రయాణం పడక మానేద్దామనుకుంటోంది. మంచి చెయ్యి. నేను చెబితే వస్తుంది.”

“మరి నువ్వో?”

“నన్ను చెకింగులో వేశారక్కా. పదిమంది తీసిన కాజాలు ఇప్పుడు నేనే చూస్తాను.”

అక్క ‘చెల్లి’ అన్న మాట కొట్టేసి, ఆమె చెప్పిన అంకె వేసుకుంది.

“కోపంగా ఉన్నా బాగుండేది, కాళ్లావేళ్లా పడి తెచ్చుకునేదాన్ని” అంది నాతో. “బజారులో ధర చెప్పినట్టు చెప్పిందండీ.”

కొత్తావిడ ఆ సోమవారం నుంచే రావడం మొదలుపెట్టింది. నెల నిండిన రోజున, ఆవిడ ఇంకా సూది కింద పెట్టకముందే, అక్క జీతం తెచ్చి చేతిలో పెట్టింది.