పంక్తిలో మొదటి ఆకు

ఆ రోజుల్లో చదువు పూర్తయిన కుర్రాడికి వెంటనే ఉద్యోగం రాకపోవడం వింతేమీ కాదు. వాడు ఏం చదివాడో ఇంట్లో ఒక్కరికీ తెలియకపోవడమే కాస్త చిక్కు. మాది ఏలూరులో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. "మావాడు జన్యువుల గురించి చదివాడండీ" అని అమ్మ గర్వంగా చెబితే, విన్నవాళ్ళు ఎంతో ఆప్యాయంగా "అయితే మందులషాపు పెడతాడాండీ?" అనేవారు. అప్పటికే రెండు కాలేజీల్లో డెమో క్లాసు చెప్పి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. రెండో చోట ప్రిన్సిపాల్ గారు "మీకు బాగా తెలుసండీ, మాకే తెలియలేదు" అని గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపారు. (మన వైపు మనిషిని బయటికి పంపడంలో కూడా మర్యాదకి లోటుండదు.) ఇక మిగిలింది తాడేపల్లిగూడెంలో ఒక్క కాలేజీ. అది కూడా పోతే నాన్నగారి వెనక సంచీ పట్టుకుని సత్యనారాయణ వ్రతాలకి తిరగాల్సిందే. నాకు మంత్రాలు కూడా సరిగ్గా రావు.

డెమోకి ముందురోజు పెంటపాడులో మావయ్య గృహప్రవేశం. పెరట్లో కంద చెక్కుతున్న అత్తయ్య దొరికితే, పాఠం ఆవిడ మీదే ప్రయోగించాను.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపు అన్ని జన్యువులూ ఉంటాయి అత్తయ్యా. కాలిగోరు ఎలా తయారుచెయ్యాలో కంట్లో కణం దగ్గర కూడా రాసిపెట్టి ఉంటుంది."

"మరి కంట్లో గోరు మొలవదేంరా?"

"అక్కడ ఆ జన్యువు మౌనంగా ఉంటుంది. దాన్ని పలికించాలంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు రావాలి."

"వాళ్ళెవరు?"

"ఒక రకం ప్రొటీన్లు. డీఎన్ఏ మీద తమకి సరిపడే చోటు వెతుక్కుని కూర్చుంటాయి."

"కూర్చుని?"

కూర్చుని ఏం చేస్తాయో నాకు ఇంగ్లీషులోనే వచ్చు. గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేశాను. తెలుగు అకాడమీ మాటలో 'అనులేఖన కారకాలు' అని కూడా కలిపాను. అత్తయ్య కత్తిపీట మీంచి తలెత్తి, "రేపు ఆ పిల్లలకి కూడా ఇలాగే చెప్తావా? పాపం రా!" అంది. జాలి నా మీదో పిల్లల మీదో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆ 'కూర్చుని?' అన్న ప్రశ్న బుర్రలో గిరగిర తిరుగుతుండగా భోజనాలకి పిలిచారు. ఎక్కడ కూర్చుంటున్నానో చూసుకోకుండా, ఫ్యాను కింద ఖాళీగా ఉన్న ఆకు ముందు చతికిలబడ్డాను. అది పంక్తిలో మొదటి ఆకు. పెదతాతయ్య కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా ఆయన స్థానాన్ని నేను ఆక్రమించేశానన్నమాట. ఆయన మాత్రం "ఉండు నాన్నా, పర్లేదు" అని పక్క ఆకు ముందు సర్దుకున్నారు. మా ఇళ్ళలో పద్ధతి ఏమిటంటే, అన్నీ వడ్డించి నెయ్యి వేశాక కూడా ఎవరూ ముట్టరు. మొదటి ఆకు ముందున్నాయన అరచేతిలో నీళ్ళు పట్టి, ఔపోసన అని ఆ గుక్కెడూ తాగితేనే మిగతావాళ్ళు కూడా తాగి చెయ్యి కలుపుతారు.

మావయ్య నా చేతిలో నీళ్ళు పోశాడు, ఆ తర్వాత వరసగా అందరికీ పోశాడు. నేను నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను. కూర్చుని, కూర్చుని... కూర్చుని ఏం చేస్తాయి? పంక్తి పంక్తంతా అరచేతుల్లో నీళ్ళు పట్టుకుని నాకేసి చూస్తోంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పులిహోర చల్లారిపోతోంది. చివరికి పెదతాతయ్యే, "ఏవండీ సైంటిస్టు గారూ, అందులో పురుగులేవైనా కనబడ్డాయాండీ?" అన్నారు.

ఉలిక్కిపడి గుటుక్కున మింగేశాను. అంతే! ఆ చివరి దాకా అందరూ ఒక్కసారిగా నీళ్ళు తాగారు, అప్పడాలు విరిగాయి, పప్పులో చేతులు పడ్డాయి, సాంబారు కోసం కేకలు లేచాయి. అప్పటిదాకా బొమ్మల్లా ఉన్న మనుషులు! అన్నం ముందునుంచీ ఉంది, ఆకలి కూడా ఉంది. నేను వండలేదు, వడ్డించలేదు. సరైన చోట కూర్చుని ఒక్క గుక్క మింగానంతే. నేను కూర్చున్నట్టే కణంలో కూడా ఒక చిన్న ప్రొటీను జన్యువు పక్కన, తన చోట కూర్చుంటుంది. నకలు తీసే యంత్రాన్ని పిలుస్తుంది. ముడుచుకుని నిద్రపోతున్న జన్యువు పనిలో పడుతుంది. నేను నోట్లో ముద్ద పెట్టుకునేలోపే నా ఒంట్లో ఇలాంటి పంక్తులు ఎన్ని లక్షలు లేచి కూర్చుంటున్నాయో!

"దొరికింది అత్తయ్యా!" అని లేచి నిలబడ్డాను.

ముద్దలు నోటి దగ్గరే ఆగిపోయాయి. మొదటివాడు లేస్తే పంక్తి లేచినట్టే మరి. "కూర్చోరా వెధవా! నువ్వు లేస్తే అందరూ లేవాలి!" అని అత్తయ్య గరిటె ఎత్తింది. కూర్చున్నాను, పంక్తి మళ్ళీ కదిలింది. జన్యువుని ఆపేసే ప్రొటీన్లు కూడా ఉంటాయన్న తరవాతి పాఠం ఆ విధంగా గరిటె సాక్షిగా అర్థమైంది.

మర్నాడు గూడెంలో బోర్డు మీద ఒక పొడుగాటి విస్తళ్ళ వరస గీసి మొదలుపెట్టాను. కొన్ని జన్యువులకి ఒక్క పెద్దాయన చాలడనీ, వియ్యంకుడు, పెద్దల్లుడు కూడా వచ్చి కూర్చుంటేనే గానీ పంక్తి కదలదనీ చెబితే పిల్లలు పకపకా నవ్వారు. కంట్లో గోరెందుకు మొలవదో వాళ్ళే చెప్పారు. గోరు పంక్తి పెద్దలు కంట్లో హాజరు కారటండీ! ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని, "బాగుందండీ, కానీ ఆకలి పుట్టించేశారు" అని ఉద్యోగం ఇచ్చారు. (ఆ పోస్టుకి ఇంకెవరూ రాలేదని తర్వాత తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.)

ఈమధ్య ఆ పంక్తి పాఠం విన్న మా కాలేజీ పిల్లల్ని కొల్లేరు తీసుకెళ్ళాను. గూళ్ళ మీద గూడబాతులు పొదుగుతున్నాయి. గుడ్డులో ఒక్క కణంతో మొదలై ముక్కు, రెక్క, ఆ ముక్కు కింద సంచీ ఎలా వస్తాయో చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది, "మరి ఆ మొదటి పెద్దాయన చేతిలో నీళ్ళు పోసిందెవరండీ?"

"తల్లేనమ్మా. పెట్టబోయే గుడ్డులో ఆ మొదటి ప్రొటీన్లని, వాటిని తయారుచేసే జన్యువుల నకళ్ళని ముందే సర్ది పంపుతుంది."

"ఆ తల్లికండీ?"

"వాళ్ళమ్మ."

"ఆవిడకండీ?"

గూడబాతు ఒకటి తాపీగా లేచి, గుడ్డు తిప్పి మళ్ళీ కూర్చుంది.

పెదతాతయ్య, అత్తయ్య ఇప్పుడు లేరు. నెరిసిన జుట్టు పుణ్యమా అని మొదటి ఆకు న్యాయంగానే నాకొస్తోంది. చేతిలో నీళ్ళు పడగానే ఇప్పటికీ ఒక్క క్షణం వాటికేసి చూస్తూ ఉండిపోతాను. "మావయ్యగారూ, కానివ్వండి" అంటారు అల్లుళ్ళు. ఆకలి వాళ్ళది, ఆశ్చర్యం నాది. మొదలుపెట్టమన్నట్టు అత్తయ్య గరిటె ఎక్కడో చప్పుడు చేసినట్టనిపించి, నవ్వుకుని మింగేస్తాను.