అమ్మకు పెట్టిన పదం

కూర్చుని చదవడం నాకు ఎప్పుడూ రాలేదు. పుస్తకం ముందు కూర్చుంటే అరికాళ్లలో చీమలు పాకుతాయి. అందుకే ఇంగ్లీషు పదాలన్నీ నడుస్తూనే నేర్చుకున్నాను, మా కొట్టు నుంచి కల్వర్టు దాకా, కల్వర్టు నుంచి మళ్లీ కొట్టు దాకా. చర్ల పోయే రోడ్డు మీద, ఊరి మొదట్లోనే మా కిరాణా కొట్టు. బస్సు ఆగేది దాని ముందే. ఆ గుంతల రోడ్డు మీద బస్సు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు కాబట్టి కొట్టు అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. వాళ్ల ముందు నుంచి నేను అటూ ఇటూ తిరుగుతూ ఉండేదాన్ని. కాలుగాలిన పిల్లి అని అమ్మ నాకు పేరు పెట్టింది.

సరదాకు నేర్చుకున్న ఇంగ్లీషు కాదు ఇది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ పరీక్ష అప్పటికే రెండుసార్లు రాశాను. లెక్కలూ జనరల్ నాలెడ్జీ గట్టెక్కించాయి, రెండుసార్లూ ఇంగ్లీషు ముంచింది. గ్రామర్ కూడా కాదు, పదాలు. ఒక పదం ఇచ్చి దానికి అర్థమేది, వ్యతిరేకమేది అని అడుగుతారు. ఆ పదాలు నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కరి నోటా వినలేదు. ఇంకొక్కసారి రాయడానికే నాకు వయసు మిగిలింది. ఈసారి కూడా పోతే ఆ ఉద్యోగం సంగతి ఇక మర్చిపోవాల్సిందే. ఈ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనుకోలేదు. నాన్న లారీ మీద నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. ఎట్లా చదువుతున్నావని అమ్మ ఒక్కనాడూ అడగలేదు. అదే నాకు మంట.

మొదట ఖమ్మంలో కోచింగ్‌లో చేరాను. అక్కడి సారు బోర్డు నిండా పదాలు, పక్కన వాటి అర్థాలు రాసి, మర్నాటికి అప్పజెప్పమనేవారు. రాత్రి బట్టీ పట్టింది తెల్లారేసరికి ఆవిరైపోయేది. ఒక పదానికి అర్థం చూస్తే అందులో తెలియని పదం ఇంకోటి ఉండేది, దానికి చూస్తే మరొకటి. వాగుడుకే ఇంగ్లీషువాళ్లు ఇన్ని పదాలు పెట్టుకున్నారు, వాటన్నిటికీ తేడాలట. ఒకరోజు క్లాసు మధ్యలో లేచాను. ఎక్కడికమ్మా అని సారు అడిగితే ఊరికి అన్నాను. చార్జరు హాస్టల్లో మర్చిపోయానని గుర్తొచ్చింది బస్సు పాల్వంచ దాటాకే.

ఊళ్లో ఫోన్‌లో చదువుకుందామంటే సిగ్నల్ కల్వర్టు మీద నిలబడితే తప్ప రాదు. రోజూ కొత్త పదాలు పంపే యాప్ ఒకటి పెట్టుకున్నాను. కల్వర్టు దగ్గర పదాలు చూసుకోవడం, వాటిని పైకి అనుకుంటూ కొట్టు దాకా రావడం, వచ్చేసరికి సగం జారిపోవడం, మళ్లీ కల్వర్టుకు పోవడం. ఒకరోజు పోలీసులు జీపు ఆపి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. ఇంగ్లీషుతో అన్నాను. వాళ్లు నవ్వలేదు, ఆధార్ కార్డు అడిగారు.

నాకు దారి చూపించింది మామ. సొంత మేనమామ కాదు. ఫారెస్టు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి, అమ్మను చెల్లె అంటాడు కాబట్టి నాకు మామ. ఎక్కాల్సిన బస్సేమీ లేకపోయినా పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. బీడీలకు పోయే తునికాకు కల్లం దగ్గర మొదలుపెట్టి, కొత్తగూడెంలో తోడల్లుడి మోకాలి ఆపరేషన్ మీదుగా ఢిల్లీ దాకా పోయి, మళ్లీ మోకాలి దగ్గరికే వస్తాడు. ఆ పూట నేను కల్వర్టు దగ్గర గ్యారులస్ అనే పదం చూసుకుని వస్తున్నాను. ఊరికే వాగుతూ ఉండే మనిషి అని అర్థం. మామ అప్పుడు సరిగ్గా ఆపరేషన్ మధ్యలో ఉన్నాడు. ఆ పదం పోయి ఆయన మీద కూర్చుంది. మర్నాడు లేచి చూసుకుంటే అక్కడే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతే, ఇక అరుగు మీద ఎవరినీ వదల్లేదు. భద్రాచలం నుంచి సంతలకు గాజులు తీసుకుపోయే సాయిబు తాత ఉండేవాడు, బస్సు ఎంత ఆలస్యమైనా నోరు విప్పడు. ఆయనకు ట్యాసిటర్న్ పెట్టాను, మాట పొదుపు మనిషి అని. మా బస్సుకు ఎర్రాటిక్, ఒక పద్ధతీ పాడూ లేనిది. సిగ్నల్‌కు ఎఫెమెరల్, ఇట్లా వచ్చి అట్లా పోయేది. రోడ్డు కాంట్రాక్టరు వెనక సంచి పట్టుకుని తిరిగే ఒకాయనకు అబ్సీక్వియస్, పెద్దవాళ్లు కనిపిస్తే వంగి వంగి దండాలు పెట్టేవాడు. ఇబ్బంది ఒక్కటే, మనిషి కనపడకపోతే పదం పలచబడేది. గాజుల తాత కొన్ని వారాలు రాలేదు, దవాఖానాలో ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ వారాలన్నీ ఆ పదం నా నోట్లోకి రాక చచ్చాను. తాత తిరిగొచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం ఆయన కోసమో పదం కోసమో నాకే తెలియదు.

పైకి అనుకుంటూ తిరిగేదాన్ని కాబట్టి ఒకరోజు మామ పట్టేశాడు. తన వంక చూసి ఏందో అంటున్నవ్ ఏంది అని నిలదీస్తే దాచకుండా చెప్పేశాను. కోపమొస్తుందనుకుంటే ఆయన పొంగిపోయాడు. ఇంగ్లీషులో తనకు ప్రత్యేకంగా ఒక పదముందని బస్సు ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ చెప్పుకున్నాడు. దాంతో అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్లూ తమకేం పెట్టానని అడగడం మొదలుపెట్టారు. ఏమీ పెట్టలేదంటే నొచ్చుకునేవాళ్లు. ఇప్పపువ్వు బుట్టలతో సంతకు పోయే ఆడవాళ్లు మాత్రం, బస్సుకే పేరు పెట్టినదాన్ని, వాళ్ల బుట్టలకూ పెడతానేమోనని నవ్వుకునేవాళ్లు.

అబ్సీక్వియస్ సంగతి బయటపెట్టింది కూడా మామే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సంచి ఆయన కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్‌లో చూసి తండ్రికి అర్థం విడమరిచి చెప్పాడట. ఆ మధ్యాహ్నమే ఆయన వచ్చి కొట్టు ముందు నిలబడి అమ్మను పట్టుకున్నాడు. నీ బిడ్డకు చదువెక్కువైంది, పెద్దా చిన్నా లేదు, ఈ కొట్టు ఎట్లా నడుస్తదో చూస్తా అన్నాడు. నేను లోపలి నుంచి ఒంటికాలి మీద లేచాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేతిలో కందిపప్పు ఉంది. తూకం సరిచూసింది, పొట్లం కట్టింది, దారం తెంపింది. అప్పుడు తలెత్తింది.

"పిల్ల చదువుకుంటున్నదన్నా. పరీక్ష కాంగనే నీ మాట నీకు ఇచ్చేస్తది," అంది.

అరుగు మీద వాళ్లు నవ్వేశారు. ఆయనకు నవ్వాలో తిట్టాలో తెలియక బీడీ కట్ట ఒకటి తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ ముఖంలో ఏమీ లేదు, ఇంకో పొట్లానికి కాగితం చింపుతోంది. కొన్నాళ్లకు యాప్‌లో ఇంపర్టర్బబుల్ అనే పదం వచ్చింది. ఏం జరిగినా చలించని మనిషి. కొట్టు దాకా నడవాల్సిన పని కూడా లేకపోయింది, కల్వర్టు మీదే ఆ పదాన్ని అమ్మకు పెట్టేశాను.

పెట్టినప్పటి నుంచీ అమ్మను చూస్తే కోపం ఇంకా పెరిగింది. అన్నం ముందు నుంచి లేచిపోతే వెనక్కి పిలిచేది కాదు. మాక్ టెస్టులో మార్కులు పడిపోయి, కల్వర్టు మీద కూర్చుని ఏడ్చి వచ్చిన రోజు, ఉల్లిగడ్డలు తడిశాయని, ఎండలో పోయమని చెప్పింది. నా బతుకు కంటే నీకు ఉల్లిగడ్డలు ఎక్కువైనాయా అని అరిచాను. ఆమె గోనెసంచి నా ముందుకు తోసింది. కుళ్లినవి ఏరుతూ ఏరుతూ ఏడుపు ఆగిపోయింది, అది వేరే సంగతి. నా పరీక్ష ఆమెకు పట్టలేదని మాత్రం గట్టిగా అనుకున్నాను. కన్నతల్లికి కూడా ఇంత నిదానం ఏంటని లోపల లోపల కుమిలిపోయాను. ఆ నిదానంలో సగమైనా నాకు రాలేదే అన్న అసూయ కూడా అందులో ఉంది.

పరీక్ష ఖమ్మంలో పడింది. కంప్యూటరు ముందు నుంచి లేవకూడదు కదా, బల్ల కింద నా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, పక్కసీటు అమ్మాయి రెండు మూడుసార్లు విసుక్కుంది. ఇంగ్లీషు భాగం తెరవగానే మా అరుగంతా వచ్చి హాల్లో కూర్చుంది. మామ పదం రాలేదు. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు, తట్టుకోలేడు. గాజుల తాత వచ్చాడు. సంచి ఆయన వచ్చి, వంగి దండం పెట్టి, మార్కు ఇచ్చి పోయాడు. చివరలో అమ్మ వచ్చింది. కందిపప్పు పొట్లం, తెగిన దారం. ఆలోచించకుండా ప్రశాంతం అనే అర్థమున్న జవాబు మీద నొక్కాను.

ఫలితాలు వచ్చే రోజున కల్వర్టు సిగ్నల్‌ను నమ్మలేక భద్రాచలం పోయాను. పొద్దున నేను బస్సెక్కుతుంటే అమ్మ చక్కెర పొట్లాలు కట్టడానికి కాగితాలు చింపుకుంటోంది. తెలియగానే ఫోన్ చేస్తానన్నాను. ఇక్కడ ఎక్కడ కలుస్తుంది, వచ్చి చెప్పు అంది. అంతే. నెట్ సెంటరులో కూర్చుంటే సైటు తెరుచుకోదు. బయటికి వచ్చి ఆ వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. పండ్లబండి ఆమె నన్ను చూసీ చూసీ ఏం పోగొట్టుకున్నవమ్మా అని అడిగింది. పొద్దు వాలాక సైటు తెరుచుకుంది. నా నంబరు ఉంది. రెండుసార్లు ముంచిన ఇంగ్లీషులో మార్కులు కూడా ఉన్నాయి. అక్కడే నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. కలవలేదు. కలవదని తెలిసి కూడా బస్సు వచ్చేదాకా చేస్తూనే ఉన్నాను.

దిగేసరికి అమ్మ కొట్లోనే ఉంది, రోజూ కూర్చునే చోటే. వచ్చిందమ్మా అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"అవ్? మంచిగైంది. కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త," అంది.

దగ్గరికి తీసుకుంటుందేమోనని అక్కడే నిలబడ్డాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఉద్యోగం వచ్చిన రోజున కూడా నాకు ఏడుపే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మామ వచ్చాడు, చేతిలో విప్పిన పొట్లం. నిన్న చక్కెర అని తీసుకుపోయి చాయ్‌లో వేస్తే ఉప్పట. ఆయన వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో కూడా పొట్లాలే. చక్కెర డబ్బా పక్కనే దొడ్డుప్పు బస్తా ఉంటుంది. అమ్మ నిన్న పొద్దున డబ్బాలో పెట్టాల్సిన చెయ్యి బస్తాలో పెట్టి పొట్లాలు కట్టింది. ఇన్నేళ్లలో ఆమె తూకం తప్పగా కూడా నేను చూడలేదు.

"చెయ్యి సోయిల ఉంటె గద," అన్నాడు మామ. "నిన్నంత కొట్టు నేనే చూసిన బిడ్డ. మీ అమ్మ ఫోను పట్టుకొని కల్వర్టు కాడికి పోవుడు, వచ్చుడు, మల్ల పోవుడు. నీకన్న జోరుగ నడిచింది. నీ బస్సు లైట్లు కనబడంగనే ఉరికొచ్చి గీడ కూసున్నది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె మిగిలిన పొట్లాలన్నీ ముందేసుకుని విప్పుతోంది, ఉప్పును ఉప్పులో పోయడానికి. తాను కట్టిన ముడే, విప్పబోతే వేళ్లకు చిక్కడం లేదు. నిన్న నేను ఫోన్ చేసినంతసేపూ ఆమె కల్వర్టు మీద కాలు నిలవక ఆ రోడ్డు మీదే ఎక్కడో నడుస్తూ ఉందన్నమాట. 

తలెత్తకుండానే అడిగింది, "అందరికి పెట్టినవ్ గద. నాకేం పెట్టినవ్?"

చెప్పాను. ఆ పదం ఆమె నోరు తిరగలేదు. అర్థమేందని అడిగింది. ఏం జరిగినా చలించని మనిషి అన్నాను. తప్పు పెట్టానమ్మా, తీసేస్తాను అన్నాను. అమ్మ పొట్లం మీది దారం పళ్లతో తెంపింది.

"ఉండనియ్," అంది. "నువ్వు గట్ల తిరుగుతుంటె, ఇంట్ల ఒక్కలన్న గిట్ల కనబడాలె గద."

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పొట్లాలన్నీ విప్పడం అయ్యేదాకా లేవలేదు.